గాలి అంకె వెనుక మూడు ప్రశ్నలు



ఐప్పసి నెల దగ్గర పడుతోంది. ఇక మార్గళి దాకా మన తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు అందరి చూపూ బంగాళాఖాతం మీదే ఉంటుంది. పోయిన వానకాలంలో ఒక తుపాను రాత్రి మన సంఘం గ్రూపులో గాలివేగం గురించి మూడు అంకెలు తిరిగాయి. ఒక సభ్యుడి మిద్దె మీద పెట్టిన చిన్న వాతావరణ యంత్రం 28 చూపింది. వాతావరణ శాఖ బులెటిన్ 70 నుంచి 80 అన్నది. ఎవరో పంపిన విదేశీ పటం 95 అన్నది. అన్నీ గంటకు కిలోమీటర్లలోనే.

28 చూసిన ఒక ఇంటివాళ్ళు "ఇంతేనా, ఊరికే భయపెడుతున్నారు" అనుకుని పడుకున్నారు. తెల్లవారేసరికి వాళ్ళ మిద్దె మీది రేకు పక్క సందులో పడి ఉంది. ఆ వేళ సందులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

మూడు అంకెల్లో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు. గాలి అంకె చూసినప్పుడు మూడు అడగాలి. ఎక్కడ కొలిచారు? ఎంతసేపటి సగటు? ఏ దిక్కు నుంచి? ఈ మూడూ పక్కన లేని అంకె, తేదీ లేని రసీదు లాంటిది. ఇది నేర్చుకోవడానికి లోకానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. ఆ కథలో మన మద్రాసు ఉంది, తెలుగువారి కోరంగి రేవు ఉంది, రైలు వంతెనలు కూడా ఉన్నాయి. అందుకే ఈ వారం దీని గురించి రాస్తున్నాము.

*పేరుతోనే దిక్కు*

యంత్రాలు రాకముందు గాలికి అంకె లేదు, పేరు ఉండేది. తమిళ మీడియంలో చదివిన మాకు బడిలో నాలుగు పేర్లు నేర్పారు. ఉత్తరం నుంచి వచ్చేది వాడై, దక్షిణం నుంచి తెన్రల్, తూర్పు నుంచి కొండల్, పడమర నుంచి కోడై. ఇంట్లో తెలుగులో ఈదురుగాలి, పైరగాలి, వడగాలి, సుడిగాలి అని వినేవాళ్ళం. తమిళం పేర్లు దిక్కు చెబుతాయి. తెలుగు పేర్లు ఆ గాలి ఒంటికీ పైరుకూ ఏం చేస్తుందో చెబుతాయి. రెండూ కొలతలే, అంకెలు లేని కొలతలు.

కళ్ళంలో ధాన్యం ఎత్తి పోసేవాళ్ళకు గాలి అంటే పని. "గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి" అని మనం అంటాము. "కాట్రుళ్ళ పోదే తూట్రిక్కొళ్" అని తమిళులు అంటారు. తూర్పెత్తడం, తూట్రడం ఒకే కుటుంబం మాటలు. ఆడి నెల గాలికి అమ్మికల్లు కూడా ఎగిరిపోతుందని తమిళ సామెత. మన ఆషాఢపు పడమటి గాలి ఎంత బలమైనదో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది.

ఈ దిక్కుల జ్ఞానం మనకు ఇప్పటికీ పనికొస్తుంది. తిరువళ్ళూరు సముద్రానికి సుమారు 40 కిలోమీటర్ల దూరం, తిరుత్తణి అంతకు దాదాపు రెట్టింపు. మే నెలలో పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు సముద్రపు గాలి లోపలికి రాలేదు, వచ్చినా సాయంత్రానికి గానీ రాదు. అందుకే వేసవి బులెటిన్లలో ఎక్కువ ఎండ కాసిన ఊళ్ళ వరుసలో వేలూరుతో పాటు తిరుత్తణి పేరు అంత తరచుగా వినిపిస్తుంది. మిద్దె మీది గాలిమర పడమర నుంచి తూర్పుకో ఆగ్నేయానికో తిరిగిందంటే, కాసేపట్లో వేడి తగ్గుతుందని దానర్థం.

గాలి దిక్కు అంటే గాలి ఎటు నుంచి వస్తోందో అది. ఎటు పోతోందో కాదు. మన పాత పేర్లలోనూ, వాతావరణ శాఖ లెక్కలోనూ ఇదే పద్ధతి.

*నుంగంబాక్కం స్తంభం, పరంగిమల ఫిరంగి*

మద్రాసులో విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి 1786లో ఎగ్మూరులో సొంతంగా ఒక నక్షత్రశాల పెట్టుకున్నాడు. దాన్ని ఈస్టిండియా కంపెనీ తీసుకుంది. 1792లో నుంగంబాక్కంలో కొత్త కట్టడం లేచింది. దాన్ని కట్టించిన మైఖేల్ టాపింగ్ కోరమాండల్ తీరమంతా సర్వే చేసినవాడు, చివరికి 1796లో మచిలీపట్నంలో చనిపోయాడు. ఆ నక్షత్రశాల యంత్రాన్ని మోసిన నల్లరాతి స్తంభం ఈనాటికీ నుంగంబాక్కం ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దాని మీద తమిళం, హిందుస్తానీతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కారు. మద్రాసులో తెలుగు ఎక్కడుందని అడిగేవాళ్ళకు చూపించదగ్గ రాయి అది.

1796 నుంచి అక్కడ వాతావరణం నమోదు చేయడం మొదలైంది. 1813 నుంచి వాన లెక్క వరుసగా ఉంది. రైల్వేలో రిజిస్టర్లు రాసి రిటైరైన మాలాంటి వాళ్ళకు ఈ మాట చదివితే ఒళ్ళు పులకరిస్తుంది. రాజ్యాలు మారాయి, రిజిస్టరు మాత్రం ఆగలేదు.

అక్కడి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ గోల్డింగ్‌హామ్ 1820, 1821 ప్రాంతంలో ఒక పరీక్ష చేశాడు. జార్జి కోటలోనూ, పరంగిమల మీదా రోజూ వేళకు ఫిరంగి పేలేది. నక్షత్రశాల నుంచి చూస్తే ముందు మెరుపు కనిపిస్తుంది, తరువాత శబ్దం వినిపిస్తుంది. మధ్య ఎన్ని సెకన్లో ఆయనా, ఇక్కడి సహాయకులూ లెక్కపెట్టి రాశారు. పరంగిమల దూరం సుమారు అయిదున్నర మైళ్ళు, అంటే 9 కిలోమీటర్లు. శబ్దం రావడానికి దాదాపు 26 సెకన్లు పడుతుంది.

ఆయన కొలవాలనుకున్నది శబ్దవేగం. కానీ రోజుకో రకంగా లెక్క వచ్చింది. ఎండా తేమా కొంత కారణమైతే, గాలి మరికొంత. గాలి వెంట వస్తే శబ్దం ముందుగా చేరుతుంది, గాలికి ఎదురొస్తే ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి ఎదురైతే ఆ 26 సెకన్లకు సెకనులో మూడోవంతు పైచిలుకు తేడా పడుతుంది.

ఇప్పుడు బజారులో గిన్నెలు తిరగని గాలి యంత్రాలు వస్తున్నాయి. వాటిలో నాలుగైదు అంగుళాల దూరంలో ఎదురెదురుగా సెన్సర్లు ఉంటాయి. చెవికి వినపడని శబ్దాన్ని ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ పంపి, రెండు ప్రయాణాల సమయంలో తేడా చూసి గాలివేగం కడతాయి. గోల్డింగ్‌హామ్‌కు అడ్డొచ్చిన సంగతినే వీళ్ళు పనిగా మార్చుకున్నారు. రెండు వందల ఏళ్ళ క్రితం మద్రాసు ఆకాశంలో జరిగిన లెక్కే ఇప్పుడు అరచేతి పెట్టెలో జరుగుతోంది.

*కోరంగి తుపాను నేర్పిన దిక్కు పాఠం*

1839 నవంబరులో గోదావరి ముఖం దగ్గర కోరంగి రేవును ఒక పెద్ద తుపాను దెబ్బతీసింది. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఓడల లాగుబుక్కులు సేకరించి ఆ తుపాను మీద పెద్ద వ్యాసం రాశాడు. ఆయన దగ్గర గాలివేగం అంకెలు లేవు. ఏ ఓడ, ఏ వేళ, ఎక్కడ ఉంది, గాలి ఏ దిక్కు నుంచి వచ్చింది, ఇవే ఉన్నాయి. వాటిని పటం మీద పెట్టి చూస్తే తుపాను గాలి ఒక కేంద్రం చుట్టూ తిరుగుతోందని తేటగా తెలిసింది. 1848లో ఈ సుడిగాలికి "సైక్లోన్" అని పేరు పెట్టినది ఆయనే. ఈనాడు లోకమంతా వాడే మాట అది. ఆ మాటకు దారితీసిన పరిశోధనల్లో మన తెలుగు రేవు కష్టం కూడా ఉంది.

ఈ పాఠం మన మిద్దె మీది గాలిమరకు అలాగే పనికొస్తుంది. మన అర్ధగోళంలో గాలికి వీపు చూపి నిలబడితే అల్పపీడన కేంద్రం ఎడమచేతి వైపు ఉంటుంది. సముద్రంలో తుపాను ఉన్నప్పుడు తిరువళ్ళూరులో గాలి ఉత్తరం నుంచి వస్తోందంటే, ఉత్తరానికి వీపు పెట్టి నిలబడండి. ఎడమచేయి తూర్పు చూపిస్తుంది. తుపాను అటే ఉంది.

గంటలు గడిచేకొద్దీ గాలి ఉత్తరం నుంచి ఈశాన్యానికి, తూర్పుకి, ఆగ్నేయానికి తిరిగితే తుపాను మనకు దక్షిణంగా దాటుతోంది. ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకి, నైరుతికి తిరిగితే మనకు ఉత్తరంగా దాటుతోంది. దిక్కు మారకుండా గాలి మాత్రం పెరుగుతూ ఉంటే కేంద్రం మన వైపే వస్తోందని అనుమానించాలి. కేంద్రం నెత్తిమీదికి వస్తే గాలి ఒక్కసారి ఆగిపోతుంది. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దాటినప్పుడు ఈ నిశ్శబ్దాన్ని చాలామంది చూశారు. ఆ నిశ్శబ్దంలో బయటికి రావడమే ప్రమాదం. ముందు ఒకవైపు వంగిన చెట్టు, తరువాత రెండోవైపు గాలికి విరుగుతుంది.

దిక్కు సరిగా రావాలంటే యంత్రాన్ని బిగించేటప్పుడు దాని ఉత్తరం గుర్తు నిజంగా ఉత్తరానికే ఉండాలి. మన వైపు దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ. మామూలు దిక్సూచి చాలు. అది పెట్టేటప్పుడు ఇనుప స్తంభానికి దూరంగా పట్టుకుని చూడాలి.

*తిరిగే గిన్నెలు*

వేగానికి అంకె ఎలా వచ్చింది? 1805 ప్రాంతంలో బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నావికుడు ఓడ తెరచాపలను చూసి గాలికి 0 నుంచి 12 దాకా మెట్లు కట్టాడు. అది కంటి అంచనా. 1846లో ఐర్లండులోని ఆర్మా నక్షత్రశాలలో రాబిన్సన్ నాలుగు అరగోళపు గిన్నెల యంత్రం చేశాడు. మన మిద్దెల మీద తిరిగేవన్నీ దాని సంతానమే. గిన్నె లోపలివైపు గాలిని ఎక్కువ పడుతుంది, వెలుపలివైపు జారవిడుస్తుంది. అందుకే గాలి ఏ దిక్కున వచ్చినా చక్రం ఒకేవైపు తిరుగుతుంది.

గిన్నెలు గాలివేగంలో సరిగ్గా మూడోవంతు వేగంతో తిరుగుతాయని, గిన్నె ఎంత పెద్దదైనా, చేయి ఎంత పొడవైనా ఇది మారదని రాబిన్సన్ నమ్మాడు. కాబట్టి గిన్నెల వేగాన్ని 3తో గుణించారు. తరువాత పరీక్షిస్తే యంత్రాన్ని బట్టి ఆ గుణకం మారుతుందని, బ్రిటిష్ ప్రామాణిక యంత్రానికి అది 2.2 దగ్గరని తేలింది. అంటే 60 కిలోమీటర్ల గాలిని ఎన్నో ఏళ్ళు 80 దాటించి రాశారు. 1926లో కెనడాలో ప్యాటర్సన్ మూడు గిన్నెలే మేలని చూపించాడు. ఇప్పుడు మనం చూసేవి ఎక్కువగా మూడు గిన్నెలవే.

ఇంటి యంత్రంలో ఇరుసుకు ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. అది దాటినప్పుడల్లా ఒక స్విచ్చి మూసుకుంటుంది. లోపలి చిప్పు ఎన్నిసార్లు మూసుకుందో లెక్కపెట్టి, కంపెనీ ఇచ్చిన గుణకంతో గుణిస్తుంది. యంత్రం గాలిని చూడదు, చుట్లను లెక్కపెడుతుంది. ఇరుసులో దుమ్మో తుప్పో పడితే చుట్లు తగ్గుతాయి, అంకె తగ్గుతుంది. గాలి మాత్రం తగ్గదు. నెమ్మది గాలికి గిన్నెలు అసలు కదలకపోతే ఇరుసు చూడాల్సిన వేళ అయిందన్నమాట.

*టే వంతెన నేర్పిన పాఠం*

1879 డిసెంబరు 28 రాత్రి స్కాట్లండులో టే నది మీది రైలు వంతెన పెనుగాలికి కూలింది. దాని మీదున్న రైలు నదిలో పడింది, అందులో ఉన్నవాళ్ళు ఒక్కరూ బతకలేదు. విచారణలో వంతెన కట్టిన ఇంజనీరు థామస్ బౌచ్ గాలి ఒత్తిడికి ప్రత్యేకంగా లెక్క కట్టలేదని బయటపడింది. ఆయనే ఫోర్త్ నది మీద కట్టాలనుకున్న మరో వంతెనకు పెద్దలు ఇచ్చిన సలహా చదరపు అడుగుకు 10 పౌండ్ల ఒత్తిడి. ప్రమాదం తరువాత అదే ఫోర్త్ వంతెనను 56 పౌండ్లకు లెక్కకట్టి కట్టారు. పదికీ యాభయ్యారుకీ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. గాలి అంకె తెలియకపోతే ఏమవుతుందో రైల్వే వాళ్ళు ప్రాణాలిచ్చి నేర్చుకున్నారు.

ఆ తరువాత ఇంగ్లండులో డైన్స్ అనే ఆయన ఈ పనిలో దిగి 1892లో కొత్త యంత్రం చేశాడు. గాలికి ఎదురుగా తిరిగే గొట్టం, నీటిలో తేలే బుడ్డి, దానికి ఒక కలం, తిరిగే కాగితపు చుట్ట. దీనితో గాలి ఊపిరి కాగితం మీద కనబడింది. గాలి ఒకే తీరున వీయదు. కలం రంపపు పళ్ళలా పైకీ కిందికీ గీసింది. సగటు 50 ఉన్న గాలిలో కొన్ని సెకన్ల విసురు 75 ఉండవచ్చు. రేకును లేపేది సగటు కాదు, ఆ విసురు. దానినే గస్టు అంటారు, ఇప్పుడు మూడు సెకన్ల సగటుగా లెక్కిస్తారు.

మన రైల్వేకూ ఇలాంటి గాయం ఉంది. 1964 డిసెంబరు 22 రాత్రి పాంబన్ నుంచి ధనుష్కోడి వెళ్ళే ప్యాసింజరును తుపాను ఉప్పెన మింగింది, వందమందికి పైగా పోయారు. పాంబన్ వంతెన కూడా దెబ్బతింది. ఇంజనీరు ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 రోజుల్లో దాన్ని నిలబెట్టారు. తరువాతి కాలంలో పాంబన్ వంతెన దగ్గర గాలి యంత్రాన్ని సిగ్నలుకు ముడిపెట్టారు. గాలి హద్దు దాటితే సిగ్నలు ఎరుపే, బండి కదలదు. 2025 ఏప్రిల్‌లో కొత్త వంతెన వచ్చింది, గాలి కాపలా మాత్రం తప్పలేదు. స్టేషన్ మాస్టరు ధైర్యానికో డ్రైవరు అనుభవానికో ఆ నిర్ణయం వదలలేదు. రైల్వేలో పనిచేసిన మాకు ఇది చాలా సరైన పద్ధతి అనిపిస్తుంది.

*మన దేశపు లెక్కలు*

1864లో అక్టోబరులో కలకత్తాను, నవంబరులో మచిలీపట్నాన్ని తుపానులు ముంచాయి. మచిలీపట్నంలో పోయినవారు ముప్పయి వేలంటారు. వాటి తరువాత కరువులు వచ్చాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. అంతకు ముందు ఒక్కో రాజధాని ఒక్కో తీరున రాసుకునేది. ఆ తరువాత దేశమంతా ఒకే పద్ధతి అనే ఆలోచన మొదలైంది.

ఆ ఒకే పద్ధతి కోసం జీవితం పెట్టినవారిలో అన్నా మణి గారు ఒకరు. 1918లో కేరళలోని పీరుమేడులో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1948లో పుణెలో వాతావరణ శాఖలో చేరారు. దిగుమతి యంత్రాల మీద ఆధారపడకుండా ఇక్కడే యంత్రాలు చేయించడం, అన్నిటినీ ఒకే కొలతకు సరిచూడడం ఆమె పని. రిటైరైన తరువాత కూడా దేశంలో ఎక్కడ ఎంత గాలి ఉందో లెక్కలు కట్టి పుస్తకాలు తెచ్చారు. మన రాష్ట్రంలో కన్యాకుమారి వైపు ముప్పందల్‌లో గాలిమరల అడవి చూసినవాళ్ళు, దాని వెనుక ఇలాంటి కొలతల పని ఉందని తలుచుకోవాలి. తప్పు కొలత మీద గాలిమర నిలబడితే అప్పు తీరదు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఇప్పటికీ నగరి, పుత్తూరు వైపు మన చుట్టాలు తెలుగులో బులెటిన్ వింటారు, మనం తమిళంలో వింటాము. ఇద్దరికీ అంకెలిచ్చేది ఒకే శాఖ, ఒకే కొలత.

*మూడు అంకెలు ఎలా వచ్చాయి*

ఇప్పుడు మొదట చెప్పిన 28, 70–80, 95 చూద్దాం.

ఎక్కడ: ప్రపంచ ప్రమాణం ప్రకారం గాలిని ఖాళీ మైదానంలో 10 మీటర్ల ఎత్తున కొలవాలి. చుట్టూ ఉన్న అడ్డు ఎంత ఎత్తుందో, దానికి కనీసం పది రెట్ల దూరంలో యంత్రం ఉండాలి. 9 మీటర్ల వేపచెట్టు ఉంటే 90 మీటర్ల దూరం అన్నమాట. మన వీధుల్లో ఎవరికి కుదురుతుంది? పిట్టగోడ చాటున, నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టిన యంత్రానికి గాలి సగం కూడా చేరదు. ఒక దిక్కు గాలి బాగా తగిలి, మరో దిక్కుది అసలు తగలకపోవచ్చు. మిద్దె అంచున పెడితే గోడకు కొట్టుకుని పైకి లేచే గాలి తగిలి ఒక్కోసారి ఎక్కువ కూడా చూపుతుంది. 28 అంటే ఆ ట్యాంకు పక్కన 28, తిరువళ్ళూరు గాలి 28 కాదు. ఇక విదేశీ పటంలో 95 సముద్రం మీద తుపాను కేంద్రం దగ్గరిది. తీరం దాటి భూమి మీదికి వచ్చేకొద్దీ చెట్లకూ ఇళ్ళకూ రాసుకుని గాలి తగ్గుతుంది.

ఎంతసేపు: ప్రపంచ వాతావరణ సంస్థ పది నిమిషాల సగటు అంటుంది. మన వాతావరణ శాఖ తుపాను గాలికి మూడు నిమిషాల సగటు తీసుకుంటుంది. అమెరికావాళ్ళు ఒక నిమిషం సగటు తీసుకుంటారు. ఎంత తక్కువసేపు సగటు తీస్తే గరిష్ఠం అంత ఎక్కువ వస్తుంది. అందుకే ఒకే తుపానుకు అమెరికా అంకె మన అంకె కంటే పెద్దదిగా కనిపిస్తుంది. "మనవాళ్ళు దాస్తున్నారు" అని గ్రూపులో రాయడానికి అందులో ఏమీ లేదు. మన శాఖ లెక్కలో 62 నుంచి 88 కిలోమీటర్ల దాకా తుపాను, 89 నుంచి 117 దాకా తీవ్ర తుపాను, 118 మొదలుకుని అతి తీవ్ర తుపాను.

కొలమానం కూడా చూసుకోవాలి. సెకనుకు మీటరు అంటే గంటకు 3.6 కిలోమీటర్లు. ఒక నాటు అంటే 1.852 కిలోమీటర్లు. యంత్రం మీటర్లలో 28 అంటే అది 100 కిలోమీటర్ల గాలి.

ఏ దిక్కు: దిక్కుల సగటు మామూలు సగటు కాదు. ఉత్తరం 0 డిగ్రీలు అనుకుందాం. గాలి ఒకసారి 350, మరోసారి 10 చూపితే కూడి రెండుతో భాగిస్తే 180 వస్తుంది. అది దక్షిణం! నిజానికి రెండూ ఉత్తరానికి చెరో పక్క. కాగితం మీద లెక్క వేసుకునేవాళ్ళు ఇక్కడ జాగ్రత్త పడాలి.

*రేకు మీద ఎంత బరువు*

గాలివేగం రెట్టింపయితే దాని తోపు నాలుగు రెట్లవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు. ఇంజనీర్ల సూత్రం సులభమే. వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దానితోనే గుణించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. సుమారు పదితో భాగిస్తే కిలోల బరువు.

గంటకు 60 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుకు దాదాపు 17 కిలోలు. 120 కిలోమీటర్లకు 68 కిలోలు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు రేకుల కప్పు 9 చదరపు మీటర్ల పైచిలుకు. 60 గాలికి దాన్ని పట్టుకోవాల్సిన బలం 155 కిలోలు, 120 గాలికి 600 కిలోలకు పైన. కప్పు ఆకారాన్ని బట్టి ఇది మారుతుంది. కానీ నాలుగు ఇటుకలు పెట్టి వదిలేసే రేకుకు ఈ లెక్క చాలు.

భవనాల కోసం భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం చెన్నైకి ఇచ్చిన మూలవేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ అంకె పక్కనే ఆ ప్రమాణం ఏం రాసిందో చూడండి. ఖాళీ నేల, 10 మీటర్ల ఎత్తు, మూడు సెకన్ల విసురు, యాభై ఏళ్ళకు ఒకసారి రాగలిగినది. గాలి అంకె రాయాల్సిన తీరు అది.

*సంఘానికి మా మనవి*

ఇంటి యంత్రాలు వద్దని మేము అనడం లేదు. వాటితో పిల్లలు చాలా నేర్చుకుంటారు. ఒకే చోట, ఒకే ఎత్తున, ఏళ్ళ తరబడి ఉంచితే ఈ రోజు నిన్నటి కంటే ఎలా ఉంది, ఈ ఆడి పోయిన ఆడి కంటే ఎలా ఉంది అని చెప్పగలవు. సముద్రపు గాలి ఏ వేళకు వచ్చిందో, తుపాను ఎటు దాటుతోందో చెప్పగలవు. బయట గాలి ఎంత ప్రమాదమో మాత్రం వాటిని అడగకూడదు. ఆ మాట బులెటిన్ చెప్పాలి.

కాబట్టి మూడు పనులు చేద్దాం.

ఒకటి. యంత్రం ఉన్న సభ్యులు దాన్ని మిద్దె మధ్యలో, ట్యాంకుకూ పిట్టగోడకూ దూరంగా, వీలైనంత ఎత్తున గట్టి స్తంభం మీద బిగించండి. కరెంటు తీగలకు అందేంత దూరంలో స్తంభం నిలబెట్టవద్దు, అది కూలితే తీగ మీద పడకూడదు. ఉరుములున్నప్పుడు దాని దగ్గరికి వెళ్ళవద్దు.

రెండు. సంఘం గదిలో ఒక రిజిస్టరు పెడదాం. తేదీ, వేళ, దిక్కు, పది నిమిషాల సగటు, విసురు, యంత్రం ఉన్న చోటు, ఎత్తు. ఏడు గళ్ళు. గ్రూపులో అంకె పెట్టేవాళ్ళు కూడా ఈ ఏడూ రాయాలి. కొట్టివేతలు, దిద్దుబాట్లు లేకుండా రాయడం మేము నేర్పుతాము, ముప్పయ్యేళ్ళకు పైగా చేసిన పని అదే.

మూడు. బంగాళాఖాతంలో వాయుగుండం అని బులెటిన్ వచ్చిన రోజే ప్రతి వీధిలో ఇద్దరు కుర్రవాళ్ళు మిద్దెలెక్కి రేకులు, పూలకుండీలు, విడిగా ఉన్న సింటెక్స్ మూతలు చూడాలి. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ ఇళ్ళు ముందు. వాళ్ళు అడగరు, మనమే వెళ్ళాలి. ఎవరి యంత్రం ఎంత తక్కువ చూపినా ఈ పని ఆగకూడదు.

రిజిస్టరు కొని ఉంచాము. మొదటి పేజీలో గళ్ళు గీసే పని వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు. రాయాలనుకునే పిల్లలను వెంట తీసుకురండి.